చీనా వీరగాథా చలనచిత్రం 'ఎ టచ్ ఆఫ్ జెన్' – ఒక పరిశీలన

చలనచిత్రంలో పోరాటం అనగానే సామాన్య ప్రేక్షకునికి స్ఫురించేది బలప్రదర్శన. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న కుతూహలం తీరగానే ఆ ఘట్టం మనస్సు నుండి జారిపోతుంది. విద్యావంతులు సైతం ఇట్టి చిత్రాలను కాలక్షేపమని భావించి విమర్శకు అనర్హంగా త్రోసివేయడం కద్దు. కాని పోరాటాన్ని అభినయంగా, ఆ అభినయాన్ని జీవితవిచారంగా మలచిన చిత్రాలు లేకపోలేదు. వాటిలో అగ్రగణ్యమైనది కింగ్ హూ దర్శకత్వంలో తైవాన్‌లో నిర్మితమై 1970-71లో రెండు భాగాలుగా విడుదలైన 'షియా న్యూ'. చీనా భాషలో ఈ పేరుకు 'వీరవనిత' అని అర్థం. ప్రపంచానికి ఇది 'ఎ టచ్ ఆఫ్ జెన్' అన్న ఆంగ్ల నామంతో పరిచితం. ఈ వ్యాసంలో మేము ప్రధానంగా విచారింపదలచిన ప్రశ్న ఒక్కటే. కత్తియుద్ధాన్ని ఇంత రమణీయంగా చూపగల దర్శకుడు చివరకు తన నాయిక చేత కత్తిని ఎందుకు విడిపించాడు?

ఊషియా సంప్రదాయం

ఈ కోవకు చెందిన కథలను చీనావారు 'ఊషియా' అంటారు. 'ఊ' అనగా యుద్ధవిద్య. 'షియా' అనగా ఆ విద్యను దీనరక్షణకు వినియోగించే ధర్మవీరుడు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దినాటికే చరిత్రకారుడైన సిమా చియెన్ తన గ్రంథంలో ఇట్టి సంచార వీరులకు ఒక ప్రత్యేకాధ్యాయం కేటాయించాడు. ఇచ్చిన మాటకు ప్రాణమిచ్చుట, చేసిన మేలు చెప్పుకొనకుండుట వారి లక్షణాలు. రాజశాసనం చేరని చోట, లేక రాజే అన్యాయపరుడైన చోట, వారు సంచరిస్తారు. వారు తిరుగాడే లోకాన్ని 'జియాంగ్‌హూ' అన్నారు. 'నదులు, సరస్సులు' అని ఆ పదానికి అర్థం.

మన ఉర్దూ విభాగపు విద్యార్థులు దాస్తానె అమీర్ హంజాలోని అయ్యార్లను జ్ఞప్తికి తెచ్చుకొంటే ఈ వీరులు కొంతవరకు పరిచితులుగానే కనిపిస్తారు. మారువేషాలు వేయుట, గోడలు దాటుట, యుక్తితో శత్రువును మట్టుపెట్టుట ఇరువురికీ సమానం. అయితే అయ్యారు తన ప్రభువును సేవిస్తాడు. షియాకు ధర్మమే ప్రభువు. తెలుగు జానపద చిత్రాలలోని కత్తివీరుడు సాధారణంగా రాజకుమారుడో, రాజకుమార్తెను చేపట్టబోయేవాడో అయి ఉంటాడు. అతని సాహసానికి ఫలం సింహాసనం. షియా కథలలో ఇట్టి ఫలప్రాప్తి అరుదు. పని ముగియగానే వీరుడు కనుమరుగవుతాడు. ఈ 'కనుమరుగగుట' మన చిత్రాన్ని అర్థం చేసుకొనుటకు ముఖ్యమైన ఆధారం.

మూలకథ – చిత్రకథ

ఈ చిత్రానికి మూలం పూ సోంగ్‌లింగ్ (1640–1715) రచించిన 'లియావ్‌జాయ్ జియీ' అనే అద్భుత కథాసంపుటిలోని ఒక చిన్న కథ. ఆ కథలో గూ అనే పేద యువకుని పొరుగున ఒక కన్య తల్లితో వసిస్తుంది. అతనికి వంశాంకురాన్ని ప్రసాదించి, తండ్రిని చంపినవాని తల తెచ్చి చూపి, అదృశ్యమైపోతుంది. కథ అంతటితో సమాప్తం. కింగ్ హూ ఈ చిన్న బీజాన్ని 3 గంటలకు మించిన మహావృక్షంగా పెంచాడు.

ఆయన చేసిన మొదటి మార్పు కథకు చారిత్రక నేపథ్యం కల్పించుట. మింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో 'తూర్పు కార్యాలయం' పేరిట ఒక రహస్య రక్షకదళం 1420లో ఏర్పడింది. దాని పెత్తనం అంతఃపురపు కొజ్జాల చేతిలో ఉండేది. వారిలో క్రూరుడుగా పేరుపడిన వెయ్ జోంగ్‌షియెన్ అక్రమాలను బయటపెట్టిన యాంగ్ లియన్ అనే అధికారి 1625లో చెరసాలలో చిత్రహింసలకు గురియై మరణించాడు. ఇది చరిత్ర. ఆ యాంగ్ లియన్ కుమార్తెగా చిత్రనాయిక యాంగ్ హుయ్‌జెన్‌ను కల్పించడం దర్శకుని ప్రతిభ.

కథానాయకుడు గూ షెంగ్‌జాయ్ ముప్పది దాటిన బ్రహ్మచారి. పండితుడే గాని పరీక్షలకు పోయి ఉద్యోగం సంపాదింపవలెనన్న ఆశ లేదు. చిత్తరువులు వ్రాసి, ఉత్తరాలు వ్రాసిపెట్టి తల్లిని పోషిస్తుంటాడు. ఉద్యోగం లేదు, పెండ్లి లేదు అని తల్లి నిత్యం దెప్పుతూ ఉంటుంది. ఇంటి ప్రక్కన పాడుబడిన కోట ఒకటి ఉన్నది. అందులో దయ్యాలున్నవని ఊరివారి నమ్మకం. ఒక రాత్రి అక్కడ వెలుగు కనిపిస్తుంది. గూ వెళ్లి చూడగా దయ్యానికి మారుగా ఒక యువతి కనిపిస్తుంది. ఆమెయే యాంగ్. క్రమంగా ఊరిలోని గ్రుడ్డి జ్యోతిష్కుడు గ్రుడ్డివాడు కాడని, మూలికల వైద్యుడు వైద్యుడు కాడని, ఇరువురూ యాంగ్ పక్షాన నిలిచిన సేనాపతులని తెలుస్తుంది. చిత్తరువు వ్రాయించుకొన వచ్చిన ఔయాంగ్ నియెన్ వారిని వేటాడ వచ్చిన గూఢచారి.

చిత్రం సాలెగూడు దృశ్యంతో ప్రారంభం కావడం యాదృచ్ఛికం కాదు. చీకటిలో సాలీడు, వలలో చిక్కిన పురుగు మొదట మనకు కనిపిస్తవి. ఇక్కడ ఎవరు సాలీడు, ఎవరు పురుగు అన్న ప్రశ్న చిత్రమంతటా మారుతూ వస్తుంది.

పోరాట శిల్పం

ఈ చిత్రంలో దాదాపు మొదటి గంట గడిచేవరకు ఒక్క పోరాటమూ లేదు. రెల్లుదుబ్బుల మీద గాలి, వెన్నెలలో శిథిలమైన గోడలు, ఒకరినొకరు దొంగచాటుగా గమనించే మనుష్యులు, వీటితోనే ఉత్కంఠ నిర్మింపబడుతుంది. ఆ తరువాత కత్తి ఒర నుండి వెలువడినప్పుడు ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. సంయమనం వలన బలం కలుగుతుందన్న సూత్రాన్ని దర్శకుడు కథనంలోనే పాటించాడు.

పోరాటాలను కూర్చిన హాన్ యింగ్‌జియే పెకింగ్ సంగీతనాటక సంప్రదాయంలో శిక్షణ పొందిన కళాకారుడు. కింగ్ హూ బాల్యం కూడ పెకింగ్‌లోనే గడిచింది. 1949లో ఆయన హాంకాంగ్ చేరాడు. తనకు యుద్ధవిద్య తెలియదని, చిత్రాలలోని పోరాటాలను తాను నృత్యంగానే భావిస్తానని ఆయన స్వయంగా చెప్పుకొన్నాడు. పెకింగ్ నాటకంలో నటుడు వేగంగా కదలి, తాళం పడగానే ఒక భంగిమలో స్థిరంగా నిలుస్తాడు. ఆ క్షణంలో పాత్ర స్వభావమంతా ఆ భంగిమలో రూపుకడుతుంది. మన వీధి భాగవతంలో ప్రవేశ దరువు ముగిసి పాత్ర తెర విడిచి నిలిచే క్షణాన్ని ఎరిగినవారికి దీని శక్తిని వేరుగా వివరింపనక్కరలేదు. కింగ్ హూ పోరాటాలలో ఈ చలన నిశ్చలతలు ఒకదానివెంట ఒకటి వస్తుంటవి. వాయిద్యాల దరువులు వాటికి ఊతమిస్తవి.

సుప్రసిద్ధమైన వెదురువన పోరాటం ఇందుకు పరాకాష్ఠ. తెరపై సుమారు 10 నిమిషాలు నడిచే ఈ ఘట్టాన్ని చిత్రించుటకు 25 రోజులు పట్టినదని ప్రతీతి. నిలువెత్తు వెదుళ్లు, వాటి సందుల నుండి పడే ఎండ చారలు, పల్చని మంచు, నిశ్శబ్దం. శత్రువులు ఇరువురు వనంలో ప్రవేశిస్తారు. యాంగ్, ఆమె సహచరుడైన సేనాపతి షీ వారిని ఎదుర్కొంటారు. ఘట్టాంతంలో యాంగ్ వెదురు బోదెలను తన్నుకొంటూ పైకి ఎగసి, అక్కడి నుండి తలక్రిందుగా, బాకు చేబూని, డేగవలె శత్రువుపై దూకుతుంది.

ఇది ఎట్లు సాధ్యమైనది? నటులను గాలిలో నిలిపే తీగలను కంప్యూటరు సాయంతో చెరిపివేసే సౌకర్యం ఆనాడు లేదు. ఎగిరి దూకుటకు సాగే గుడ్డ పరచిన ట్రాంపొలీనులు వాడారు. అసలు మాయ కూర్పులో ఉన్నది. తెరపై క్షణానికి 24 బొమ్మలు నడుస్తవి. కింగ్ హూ ఈ ఘట్టంలో కొన్ని దృశ్యఖండాలను 8 బొమ్మలకన్న తక్కువకు కుదించాడు. అనగా క్షణంలో మూడవవంతు కన్న తక్కువ. పాదం నేలను వీడుట ఒక ఖండం, వస్త్రాంచలం గాలిలో మెరయుట ఒక ఖండం, నేలపై వ్రాలుట మరియొక ఖండం. నడుమ చూపని భాగాన్ని ప్రేక్షకుని ఊహ పూరించుకొంటుంది. వీరులు మన కంటికన్న వేగంగా కదులుతున్నారన్న భ్రాంతి ఈ విధంగా కలుగుతుంది. మన ఆలంకారికులు ధ్వనిని గూర్చి చెప్పినదే ఇక్కడ చలనచిత్ర భాషలో సాక్షాత్కరించినదని మా అభిప్రాయం. వాచ్యంగా చెప్పినదానికన్న సూచించి విడిచినదే హృదయాన్ని తాకుతుంది.

2000లో ఆంగ్ లీ దర్శకత్వంలో వెలువడి 4 ఆస్కార్ బహుమతులు గెలుచుకొన్న 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' చిత్రంలో కూడ వెదురువన పోరాటం ఉన్నది. అది కింగ్ హూకు అర్పించిన నమస్కృతి. అయితే రెండింటి పద్ధతి వేరు. ఆంగ్ లీ చిత్రంలో వీరులు వెదురు కొనలపై ఊయలలూగుతూ తీరికగా, పూర్తిగా మనకు కనిపిస్తారు. ఆ సౌందర్యం స్వప్నసదృశం. కింగ్ హూ వీరులు ఒక మెరుపుగా కనిపించి మాయమవుతారు. మొదటిదానిలో తేలిపోయే హాయి ఉన్నది. రెండవదానిలో ప్రాణాపాయపు స్పృహ ఉన్నది.

పాత్రలు – అభినయం

యాంగ్ పాత్రధారిణి షూ ఫెంగ్ 1950లో జన్మించింది. చిత్ర నిర్మాణకాలానికి ఆమెకు ఇరువది ఏండ్లైనా నిండలేదని చెప్పవచ్చును. ఈ పాత్రకు సంభాషణలు మిక్కిలి తక్కువ. వాచికాభినయానికి తావు లేదు. ఆమె ముఖం దాదాపు నిశ్చలం. కాని ఆ కన్నులలో ఒకే సమయంలో జాగరూకత, పితృశోకం, అలసట గోచరిస్తవి. సాత్త్వికాభినయమంటే కన్నీరు కార్చుటయే అని భ్రమించేవారు ఈమె నటనను తప్పక పరిశీలింపవలెను. ఒక్క వెన్నెల రాత్రి ఆమె గూ ఎదుట చిన్ అనే తంత్రీవాద్యం వాయిస్తుంది. ఆ ఒక్కచోట ఆమెలోని కన్య మనకు కనిపిస్తుంది. మరునాటికి మళ్లీ ఖడ్గమే. నాయికను రక్షింపబడవలసిన అబలగా గాక, తానే రక్షకురాలిగా నిలిపిన ఈ పాత్రచిత్రణకు పెకింగ్ నాటకంలోని స్త్రీ యోధ పాత్రల సంప్రదాయం అండగా ఉన్నది. కింగ్ హూ 1966లోనే 'కమ్ డ్రింక్ విత్ మి' చిత్రంలో నృత్యశిక్షణ గల చెంగ్ పెయ్-పెయ్ చేత ఇట్టి పాత్ర ధరింపజేశాడు. అదే నటి 2000లో ఆంగ్ లీ చిత్రంలో ప్రతినాయికగా కనిపించడం ఈ పరంపరకు నిదర్శనం.

గూ పాత్రలో షీ జున్ నటన మరొక తరహా. భయం, కుతూహలం, ఆత్మవిశ్వాసం కలగలిసిన ఈ పండితుడు మొదట హాస్యపాత్రగా తోస్తాడు. చేత కత్తి పట్టలేడు. అతని ఆయుధం బుద్ధి. సేనాపతి షీగా బై యింగ్ చూపిన గ్రుడ్డితనపు నటన, అది నటన యని కథలోని వారికి తెలియని విధంగానే, తొలుత ప్రేక్షకునికి కూడ తెలియనీయదు. నటనలో నటన అనే ఈ క్లిష్టమైన పనిని అతడు నేర్పుతో నిర్వహించాడు. భిక్షువు హుయ్ యువాన్‌గా రాయ్ చియావ్ నిరాయుధుడై నిలుచుండే తీరులోనే అతని శక్తి తెలుస్తుంది. పోరాటాలను కూర్చిన హాన్ యింగ్‌జియే స్వయంగా షూ షియెన్‌చున్ అనే ప్రతినాయకుని పాత్ర ధరించాడు. తరువాతి కాలంలో ప్రఖ్యాతుడైన సామో హంగ్ అతని అనుచరులలో ఒకడుగా కనిపిస్తాడు.

నవ్వు ఆగిపోయిన ఉదయం

చిత్రానికి ప్రాణభూతమైన ఘట్టం మా దృష్టిలో వెదురువనం కాదు. అది కోట పోరాటం మరునాటి ఉదయం.

శత్రుసైన్యం దండెత్తి వస్తున్నదని తెలిసినప్పుడు గూ ఒక పథకం రచిస్తాడు. కోటలో దయ్యాలున్నవన్న వదంతిని వ్యాపింపజేసి, బొమ్మలను, గంటలను, ఉచ్చులను అమర్చి, భయభ్రాంతులైన సైనికులను చీకటిలో సంహరింపజేయుట ఆ పథకం. అది సంపూర్ణంగా ఫలిస్తుంది. సుమారు 200 మంది మరణిస్తారు. తెల్లవారగానే గూ తాను పన్నిన యంత్రాలను ఒక్కొక్కటే పరీక్షించుకొంటూ, తన బుద్ధికి తానే మురిసి, బిగ్గరగా నవ్వుతూ కోటలో తిరుగుతాడు. ప్రేక్షకుడు కూడ అతనితో నవ్వుతాడు. అంతలో అతని చూపు నేలమీద పడుతుంది. శవాలు. అడుగుతీసి అడుగువేయ వీలు లేనన్ని శవాలు. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. భిక్షువులు మౌనంగా వచ్చి మృతులకు అంత్యక్రియలకు పూనుకొంటారు. గూ తన యాంగ్ కోసం ఆ శవాల నడుమ వెదకుతాడు, ఆమె లేదు.

ఆ క్షణం వరకు ఈ చిత్రం యుద్ధవీరం. ఆ క్షణంలో అది కరుణగా మారుతుంది. ఇక్కడ దోషి ఖడ్గధారి కాడు. చేత రక్తం అంటని పండితుడు. తన విద్య ఎవరి మీద, ఏ ఫలితంతో పనిచేసినదో అతడు అంతవరకు చూడలేదు. లెక్క సరిపోయినందుకు నవ్వాడు. ఆ లెక్కలోని అంకెలు మనుష్యులని ఆలస్యంగా గ్రహించాడు. మరణించినవారు క్రూరప్రభువు బంటులే కావచ్చు. అయినను వారి శవాల ఎదుట నవ్వు చెల్లదని దర్శకుడు ఒక్క మాట లేకుండా చెప్పాడు. ఇన్ని పోరాటాలను రమణీయంగా చూపి మనలను మురిపించిన దర్శకుడు, మన మురిపెమును కూడ ఇక్కడ నిలదీస్తున్నాడని గ్రహింపవలెను.

ఖడ్గం నుండి ధ్యానానికి

తరువాతి భాగంలో యాంగ్ ఆశ్రమంలో చేరి సన్యసిస్తుంది. గూ ఆమెను వెదకుచు కొండలలోకి పోగా, వారి శిశువు ఒక లేఖతో సహా అతనికి లభిస్తాడు. ప్రతినాయకుడు షూ షియెన్‌చున్ వెంటాడగా యాంగ్ తిరిగి వచ్చి పోరాడుతుంది. చివరకు హుయ్ యువాన్ భిక్షువు నడుమ నిలుస్తాడు. ఓడిన షూ పశ్చాత్తాపం నటించి, సమీపించి, దాచిన బాకుతో భిక్షువును పొడుస్తాడు. గాయం నుండి స్రవించినది బంగారు వన్నె రక్తం. హంతకుడు మతిచలించి నశిస్తాడు. భిక్షువు కొండశిల మీద ఆసీనుడై ఉండగా, వెనుక సూర్యబింబం అతని శిరస్సు చుట్టూ వలయమై వెలుగుతుంది.

చిత్రం ఆంగ్ల నామంలోని 'జెన్' అన్న పదం మన 'ధ్యాన' శబ్దభవమే. సంస్కృత 'ధ్యాన' చీనా భాషలో 'చాన్'గా, జపానులో 'జెన్'గా మారినది. ఈ మార్గాన్ని చీనాకు తెచ్చిన బోధిధర్ముడు దక్షిణ భారతీయుడని ఆ సంప్రదాయం చెప్పుకొంటుంది. ఆచార్య నాగార్జునుని తమ గురుపరంపరలో 14వ వానిగా వారు లెక్కించుకొన్నారు. కృష్ణాతీరంలో ఆ ఆచార్యుని పేరు మోయుచున్న నాగార్జునకొండను ఎరిగిన మనకు ఈ చీనా చిత్రపు తాత్త్విక భూమిక పూర్తిగా పరాయిది కాదు.

మన ఆలంకారికులు వీరాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయాభేదాలతో నాలుగు విధాలుగా విభజించారు. ఈ చిత్రం యుద్ధవీరంతో ఆరంభమై, కరుణను దాటి, హుయ్ యువాన్ రూపంలో దయావీరాన్ని చూపి, శాంతంలో విశ్రమిస్తుంది. పగ తీర్చుకొనుటకు నేర్చిన విద్యలో పరిపూర్ణత సాధించిన యాంగ్‌కు, ఆ విద్యను విడువగలుగుట దానికన్న గొప్ప విద్య అని తెలిసినది. ఇదియే మా తొలి ప్రశ్నకు సమాధానం.

గుణదోషాలు

దోషాలు లేవని మేము అనబోము. మూడు గంటలకు మించిన నిడివి నేటి ప్రేక్షకుని ఓర్పుకు పరీక్ష. కోట పోరాటంతో కథ ముగిసినట్లు తోచి, తరువాతి భాగం అతికినట్లు కొందరికి అనిపించవచ్చు. రంగులను తారుమారు చేసి ప్రతినాయకుని చిత్తభ్రమను చూపిన పద్ధతి కొంత కృతకంగా ఉన్నది. అయినను వెదురువనంతోనే, కోటతోనే చిత్రం ముగిసి ఉంటే అది ఉత్తమమైన వినోదం మాత్రమే అయి ఉండేది. కథ మారవలసిన అవసరమే ఈ చిత్రపు సందేశం గనుక ఆ అతుకును మేము క్షంతవ్యంగా భావిస్తున్నాము.

విడుదలైననాడు ఈ చిత్రానికి తగిన ఆదరణ లభించలేదు. 1975లో కాన్ చలనచిత్రోత్సవంలో సాంకేతిక కళానైపుణ్యానికి ప్రధాన బహుమతి పొందిన పిదప ప్రపంచం దీని విలువ గుర్తించింది. కింగ్ హూ 1997లో కాలధర్మం చెందాడు. నటిగా వెలిగిన షూ ఫెంగ్ తరువాత నిర్మాతయై, 1993లో కాన్ ఉత్సవపు అత్యున్నత బహుమతి పొందిన 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్' చిత్రాన్ని నిర్మించింది. పాతబడిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' ప్రతిని పునరుద్ధరించుటకు కూడ ఆమెయే ధనసహాయం చేసింది. ఆ నూతన ప్రతి 2015లో మరల కాన్‌లో ప్రదర్శింపబడినది. తన యౌవనాన్ని ధారపోసిన కృతిని నలుబది ఏండ్లకు పైబడి మరువక కాపాడుకొన్న ఆ నటి కూడ ఒక విధంగా షియాయే.

ఉపసంహారం

విద్యార్థులు ఈ చిత్రాన్ని చూచునప్పుడు వెదురువనంలోని ఆ మెరుపుదూకుడును చూచి తప్పక ఆనందింపవలెను. కళాకారులు అందుకే శ్రమించారు. కాని కోటలోని ఉదయాన్ని కూడ మరువరాదు. కళాశాలలో మనము నేర్చేది ఖడ్గవిద్య కాదు. గూ నేర్చిన విద్య వంటిదే. లెక్కలు, యంత్రాలు, శాసనాలు, మాటలు మన ఆయుధాలు. వాటి దెబ్బ దూరాన ఎవరికో తగులుతుంది. మన చేతికి రక్తం అంటదు. అందుచేత గెలిచిన మరునాడు నవ్వుటకు ముందు ఒక్కసారి నేలవైపు చూచుట విద్యావంతుని మొదటి ధర్మం. కింగ్ హూ తన చిత్రంలో నాయికకు ఖడ్గం విడుచుట నేర్పాడు. పండితునికి నేలవైపు చూచుట నేర్పాడు. మనకు అవసరమైన పాఠం ఈ రెండవది.